చైనా నాలుగక్షరాల జాతీయాలు: ఇంగ్లీషు అర్థాల పట్టీలను ఎంతవరకు నమ్మొచ్చు?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

ఇంగ్లీషు మీదుగా చైనా కథలను తెలుగు చేసేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. "చైనా జాతీయాలు, ఇంగ్లీషు అర్థాలు" అంటూ దొరికే పట్టీల్లో "వాంగ్ యాంగ్ బూ లావ్" పక్కన "గుర్రం పారిపోయాక లాయం తలుపు వేయడం" అని ఉంటుంది. అది చూసి "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు" అని పెట్టామనుకోండి, కథలో పొసగడం లేదు. అక్కడ పరీక్ష పోయిన కుర్రాడికి పంతులుగారు ధైర్యం చెబుతూ ఆ మాట అంటున్నారు. పట్టీ తప్పా, కథ తప్పా? ఒక జాతీయం అసలు అర్థం తేల్చుకోవడానికి పద్ధతి ఏమైనా ఉందా?

పాతపుటలు

పట్టీయే తప్పు. ఆ మాటకు అర్థం దాదాపు తలకిందులుగా ఇచ్చారు.

వాంగ్ అంటే పోగొట్టుకోవడం, యాంగ్ గొర్రె, బూ బాగుచేయడం, లావ్ దొడ్డి. గొర్రె పోయాక దొడ్డి కంచె బాగుచేసుకోవడం అన్నమాట. ఇది "జాన్ గ్వో త్స" అనే పాత గ్రంథంలోది. చూ రాజ్యపు రాజు సుఖాల్లో పడి ఇష్టులనే చుట్టూ పెట్టుకుంటే జ్వాంగ్ శిన్ అనే మంత్రి హెచ్చరించాడు. రాజు వినలేదు. మంత్రి జావ్ రాజ్యానికి వెళ్లిపోయాడు. కొన్ని నెలలకే చిన్ సేనలు చూ రాజధాని యింగ్‌ను పట్టుకున్నాయి (క్రీ.పూ. 278). రాజు మనిషిని పంపి పిలిపించుకుని "ఇప్పుడేం చేయాలి" అంటే మంత్రి చెప్పిన జవాబు ఇది: కుందేలు కనబడ్డాక కుక్కను పిలిచినా ఆలస్యం కాదు, గొర్రె పోయాక దొడ్డి కట్టినా ఆలస్యం కాదు.

"ఆలస్యం కాదు" అన్న ఆ చివరి ముక్క నాలుగక్షరాల్లో పైకి కనబడదు, కానీ చైనావాళ్ల చెవికి వినబడుతుంది. పోయింది ఒక గొర్రే, దొడ్డిలో మిగతావి ఉన్నాయి. ఇంగ్లీషు సామెతలో ఉన్న ఒక్క గుర్రమూ పోయింది. బొమ్మలు రెండూ ఒకేలా ఉన్నాయని పట్టీ రాసినవాళ్లు జత కట్టేశారు. మీ పంతులుగారి నోట "ఇప్పటికైనా మించిపోయింది లేదు" అని పెట్టండి, సరిగ్గా కూర్చుంటుంది.

"చేతులు కాలాక" సామెతకు దగ్గరగా వచ్చేది వేరే ఉంది. "లిన్ క జుఎ జింగ్", దాహం వేశాక బావి తవ్వడం. మూలం "హ్వాంగ్ దీ నెయ్ జింగ్" అనే వైద్యగ్రంథం. రోగం ముదిరాక మందు వేయడం, దాహమయ్యాక బావి తవ్వడం, యుద్ధం మొదలయ్యాక ఆయుధం పోత పోయడం, ఇవన్నీ ఆలస్యమే కదా అంటుంది. మన "ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు" దీనికి అచ్చంగా సరిపోతుంది.

నాలుగక్షరాలు

పద్ధతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ముందు అది ఏ జాతిదో చూడాలి. ఇంగ్లీషు పట్టీల్లో అన్నీ కలిపి "సామెతలు" అనేస్తారు. చైనీయులు కనీసం నాలుగు రకాలు చేస్తారు.

చెంగ్ యూ: ఎక్కువగా నాలుగక్షరాలు, పాత గ్రంథభాష, మాటల వరస మార్చడానికి వీల్లేదు. యెన్ యూ: పూర్తి వాక్యంగా ఉండే జనం సామెత. గ్వాన్ యోంగ్ యూ: తరచు మూడక్షరాల వాడుక మాట. "గుర్రం పిరుదు తట్టడం" అంటే ముఖస్తుతి, "వెనిగర్ తాగడం" అంటే ప్రేమలో అసూయ. శ్యె హౌ యూ: రెండు ముక్కల మాట, మొదటి ముక్క పొడుపులా ఉంటుంది, రెండోది విప్పు.

చెంగ్ యూ అయితే ఈ వరసలో వెళ్లండి.

1. నాలుగక్షరాల అసలు లిపిరూపం సంపాదించండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినది ఒక్కటే ఉంటే చాలదు, ఒకే ఉచ్చారణకు పదుల అక్షరాలుంటాయి.
2. చైనీయుల సొంత చెంగ్ యూ నిఘంటువులో చూడండి. అందులో "చూ చూ" అనే శీర్షిక కింద మూలగ్రంథ వాక్యం ఉంటుంది. ఇంగ్లీషు పట్టీల్లో లేనిది అదే.
3. అది మెచ్చుకోలా (బావ్ యీ), నిందా (బ్యెన్ యీ), రెండూ కాదా అన్నది చూడండి. ఈ గుర్తు లేకుండా అనువాదం మొదలుపెట్టవద్దు.
4. ఈనాటి పత్రికల్లోంచి రెండు మూడు వాక్యాలు తీసి ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అంటున్నారో చూడండి. పాత అర్థం, నేటి వాడుక వేరైపోయినవి చాలా ఉన్నాయి.
5. ఆ తర్వాతే తెలుగు మాట వెతకండి.

నిఘంటువు చూడకుండా అక్షరానికి అక్షరం అర్థం పెడితే జారతాం. పైన చెప్పిన మాటలో వాంగ్‌కు నేటి ముఖ్యార్థం చావు, లావ్‌కు జైలు. "చచ్చిన గొర్రె జైలు మరమ్మతు" అని వస్తుంది.

నాలుగో మెట్టు ఎందుకంటే, "జావ్ సాన్ మూ స" చూడండి: పొద్దున మూడు, సాయంత్రం నాలుగు. జ్వాంగ్ జ గ్రంథంలో కోతులు పెంచేవాడు పొద్దున మూడు, సాయంత్రం నాలుగు కాయలు పెడతానంటే కోతులు కోప్పడ్డాయి. సరే, పొద్దున నాలుగు, సాయంత్రం మూడు అంటే సంతోషించాయి. మొత్తం ఏడే. మూలంలో ఇది పేరు మారినంత మాత్రాన వస్తువు మారదన్న తత్త్వం. నేడు ఈ మాట అంటే నిలకడ లేని మనిషి, ముఖ్యంగా ప్రేమలో పూటకో మాట మార్చేవాడు. ఇప్పటి నవలలో ఈ మాట వచ్చినచోట కోతుల కథ పట్టుకుని "లెక్క మార్చి మోసగించాడు" అని రాస్తే పాత్ర స్వభావమే మారిపోతుంది.

కృష్ణాతీరం

దీనికి మన భాషలో పోలిక వెతకాలంటే సామెతల్లో కాదు, "శల్య సారథ్యం", "త్రిశంకు స్వర్గం", "భగీరథ ప్రయత్నం" లాంటి జాతీయాల్లో వెతకాలి. రెండు మాటలు, వెనక పెద్ద కథ, కథ తెలియనివాడికి అయోమయం. సంస్కృత న్యాయాలు కూడా అంతే.

"షౌ జూ దాయ్ తూ" కూడా ఆ పద్ధతిలోనే చక్కగా తెలుగవుతుంది. సోంగ్ రాజ్యంలో ఒక రైతు పొలంలో చెట్టుమొద్దు ఉంది. పరుగెత్తుతూ వచ్చిన కుందేలు దానికి కొట్టుకుని మెడ విరిగి చచ్చింది. రైతు నాగలి పక్కన పడేసి మరో కుందేలు కోసం మొద్దు దగ్గర కాపలా కూర్చున్నాడు. కుందేలు రాలేదు, ఊరు నవ్వింది. కాకతాళీయంగా జరిగినదాన్ని రోజూ జరిగేదని నమ్మడం అన్నమాట. పట్టీల్లో "సోమరిగా అదృష్టం కోసం ఎదురుచూడటం" అని ఉంటుంది. నేటి వాడుకకు అది చాలు. కానీ ఇది రాసిన హాన్ ఫెయ్ (మరణం క్రీ.పూ. 233) గురి సోమరులు కాదు. పూర్వరాజుల పద్ధతులతో నేటి ప్రజలను పాలిద్దామనుకునేవాళ్లంతా ఆ రైతులాంటివాళ్లేనని ఆయన వాదం. రాజకీయ వ్యాసాల్లో ఇప్పటికీ ఈ అర్థంలో కనబడుతుంది, గమనించి వాడండి.

మేడిచెట్టు

మన దేశం నుంచి బౌద్ధంతో పాటు వెళ్లి అక్కడ నాలుగక్షరాలైన మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి ఇంగ్లీషు మధ్యవర్తి అక్కర్లేదు.

"మాంగ్ రన్ మో శ్యాంగ్" అంటే గుడ్డివాళ్లు ఏనుగును తడమడం. మన అంధగజ న్యాయమే, బౌద్ధ సూత్రాల అనువాదాల ద్వారా చేరింది. నేరుగా అదే పెట్టుకోవచ్చు.

"తాన్ హ్వా యీ శ్యెన్" మరీ ఆసక్తికరం. తాన్ హ్వా అన్నది ఉదుంబర పుష్పం అన్న మాటకు చైనా కుదింపు. ఉదుంబరం అంటే మన మేడి. మేడిపువ్వు కాయ లోపలే ఉంటుంది కాబట్టి బయటికి కనబడటం అపురూపం. సద్ధర్మపుండరీక సూత్రంలో బుద్ధుడు ఇలాంటి ధర్మం వినబడటం ఉదుంబరం పూయడమంత అరుదు అంటాడు. కుమారజీవుడు క్రీ.శ. 406లో చేసిన చైనా అనువాదం ద్వారా ఆ మాట జనంలోకి వెళ్లింది. అంటే మొదటి అర్థం "అరుదైనది". తర్వాత చైనాలో తాన్ హ్వా అన్న పేరు రాత్రిపూట పూసి తెల్లారేసరికి వాడిపోయే ఒక కాక్టస్ జాతి మొక్కకు పడింది. మన పెరళ్లలో, డాబాల మీద కుండీల్లో పెంచి చాలామంది బ్రహ్మకమలం అని పిలుచుకునే మొక్క అదే. దాంతో జాతీయం అర్థం కూడా "క్షణకాలం మెరిసి మాయమయ్యేది" అని మారింది. ఒక సినిమాతోనే కనుమరుగైన నటుడి గురించి ఈ మాట వస్తే "అరుదైన నటుడు" అని రాయకూడదు, పొగడ్త అయిపోతుంది. "మెరుపులా మెరిసి మాయమయ్యాడు" అనాలి.

"దుయ్ న్యూ తాన్ చిన్", ఆవు ముందు తంత్రీవాద్యం వాయించడం. మనవాళ్లు వెంటనే "చెవిటివాడి ముందు శంఖం" అంటారు. చాలాచోట్ల సరే. అయితే మూలం మోవ్ జ అనే బౌద్ధ సమర్థన గ్రంథంలో ఉంది, కథ ఇంకొంచెం సాగుతుంది. వాద్యకారుడు గొప్ప రాగం వాయిస్తే ఆవు తలెత్తకుండా మేస్తూనే ఉంది. ఆవుకు వినబడక కాదు, దాని చెవికి ఆ రాగం పట్టదు. అప్పుడు దోమల రొద, తల్లి తప్పిన దూడ అరుపు వాయించాడు. ఆవు తోక ఊపి, చెవులు నిక్కించి వింది. కన్‌ఫ్యూషియస్ గ్రంథాలు చదివినవాళ్లకు బౌద్ధం చెప్పేటప్పుడు వాళ్ల గ్రంథాల మాటల్లోనే ఎందుకు చెబుతున్నాడో వివరించడానికి రచయిత ఈ ఉదాహరణ ఇచ్చాడు. అందుకే నేటికీ ఈ మాట రెండువైపులా తగులుతుంది: వినేవాడి మందబుద్ధికీ, వినేవాడెవరో చూసుకోకుండా మాట్లాడేవాడికీ. రెండో సందర్భంలో శంఖం సామెత పనికిరాదు, "ఎదుటివాళ్లెవరో చూసుకుని మాట్లాడాలి" అని విడమరచడమే నయం.

గోదారిగట్టు

ఇవన్నీ చాలా ఉపయోగం. రెండు సందేహాలు. ఉచ్చారణ తెలుగులో ఎలా రాయాలి? ఇంగ్లీషు అక్షరాలు చూసి బీజింగ్, దావో అని రాస్తున్నాం, అది సరేనా? రెండోది, అక్షరాలన్నీ తెలిసినా అర్థం తప్పే మాటలు ఏవైనా ఉంటే ముందే చెప్పండి.

నాలుగక్షరాలు

ఉచ్చారణ విషయంలో తెలుగు లిపి ఇంగ్లీషు కంటే మేలు. చైనా అధికారిక రోమన్ లిప్యంతరీకరణలో బ, ద, గ అక్షరాలతో రాసేవి నిజానికి నాదాలు కావు, ఒత్తు లేని ప, త, క లే. ప, త, క అక్షరాలతో రాసేవి ఒత్తు ఉన్నవి. అంటే థ, ఖ లాంటివి. అల్పప్రాణ మహాప్రాణాల తేడా మనకు వర్ణమాలలోనే ఉంది. అక్కడ జ అని రాసేది "చెట్టు"లోని చ, దాని జోడీ ఛ. ఇంకా, "చాప", "చుక్క" అనేటప్పుడు పలికే దంత్య చ మన దగ్గర ఉంది. "హాన్ ఫెయ్ జ" అన్న పేరులో చివర వచ్చేది ఆ ధ్వనే, వెనక అచ్చు మాత్రం ఇ కాదు, అ కి దగ్గర.

ఇంత శాస్త్రీయంగా రాస్తే "పెయ్‌చింగ్" అని వస్తుంది, పాఠకుడు బీజింగ్ అని పోల్చుకోడు. అందుకని పత్రికలకు అలవాటైన బ, ద, గ లే ఉంచి, ఒక పుస్తకం మొత్తం ఒకే పద్ధతి పాటిస్తే చాలు. ఈ చర్చలో మేమంతా అలాగే రాస్తున్నాం. స్వరభేదాలు (పలుకులోని ఎత్తుపల్లాలు) తెలుగులో చూపలేం, ప్రయత్నించవద్దు.

పాతపుటలు

రెండో సందేహానికి. చైనా విద్యార్థులనే పరీక్షల్లో పడగొట్టే మాటలు ఇవి.

"బూ కాన్ జ లున్". కాన్ అంటే నేడు ప్రచురించడం కాబట్టి "అచ్చుకు పనికిరాని మాట" అనిపిస్తుంది. కాగితం రాకముందు వెదురు బద్దల మీద రాసేవారు, తప్పు పడితే కత్తితో గీకేసేవారు. ఆ గీకడమే కాన్. గీకనక్కర్లేని మాట, అంటే తిరుగులేని మాట. గొప్ప పొగడ్త.

"చా చ్యాంగ్ రన్ యీ". చా అంటే నేడు "బాగాలేదు" అనే అర్థం ఉంది కాబట్టి "అసంతృప్తికరం" అనుకుంటారు. ఇక్కడ చా అంటే "కొంతవరకు". మొత్తం మీద ఫరవాలేదు అని అర్థం.

"వాన్ రన్ కోంగ్ శ్యాంగ్". పదివేలమంది, ఖాళీ సందులు. జనం ఇళ్లలో టీవీ ముందు కూర్చుంటే వీధులు బోసిపోయాయని రాసేస్తారు. నిజానికి సందులు ఖాళీ అయ్యింది అందరూ బయటికి వచ్చి ఒకచోట పోగయ్యారు కాబట్టి. హాంగ్‌జౌలో సముద్రపు పోటు నదిలోకి ఎదురెక్కే వింతను చూడటానికి ఊరంతా తరలడం గురించి సూ ష అనే పాత కవి రాసిన పద్యంలోది.

"చీ యుఎ ల్యూ హ్వో". ఏడో నెల, జారే నిప్పు. జూలై ఎండలు అనుకుని వాతావరణ వార్తల్లో పెడతారు. హ్వో ఇక్కడ నిప్పు కాదు, ఒక ఎర్రటి నక్షత్రం పేరు. మన జ్యేష్ఠా నక్షత్రమే. పాత పంచాంగం ప్రకారం ఏడో నెలలో సాయంత్రంపూట అది పడమటికి దిగజారుతుంది. అంటే వేడి తగ్గి చలి రాబోతోంది. "ష జింగ్" కావ్యసంకలనంలో దీని పక్క పాదంలోనే తొమ్మిదో నెలలో బట్టలు పంచడం గురించి ఉంది. ఎండల అర్థంలో వాడటం ఎంత పెరిగిపోయిందంటే, ఇప్పటి పత్రికలో కనబడితే చాలాసార్లు ఆ అర్థమే అయ్యుంటుంది. పాత కవితలో అయితే కచ్చితంగా చలిగాలే.

ఉత్తరవాకిలి

ఇంకో జాగ్రత్త. ఇంగ్లీషు పట్టీల్లో చైనా సామెతలుగా చలామణి అయ్యేవాటిలో కొన్నింటికి చైనాలో మూలమే లేదు.

"ఆసక్తికరమైన కాలంలో బతుకుదువుగాక" అనే చైనా శాపం: చైనీసులో ఇలాంటి మాట లేదు. అమెరికా నాయకుడు రాబర్ట్ కెనడీ 1966లో కేప్‌టౌన్ ప్రసంగంలో దీన్ని చైనా శాపంగా ఉటంకించాక బాగా పాకింది. దగ్గరగా వచ్చే అసలు సామెత "కల్లోలకాలంలో మనిషిగా పుట్టడం కన్నా శాంతికాలంలో కుక్కగా పుట్టడం మేలు".

"ఒక బొమ్మ వెయ్యి మాటల పెట్టు": అమెరికాలో వాణిజ్య ప్రకటనల పత్రికలో ఫ్రెడ్ బార్నార్డ్ అనే ప్రకటనకర్త 1927లో ఇలాంటి మాటను చైనా సామెతగా చూపించాడు. అసలుది "బాయ్ వెన్ బూ రూ యీ జ్యెన్", నూరుసార్లు వినడం ఒక్కసారి చూడటానికి సాటిరాదు. హాన్ చరిత్ర గ్రంథంలో డెబ్బై దాటిన సేనాపతి జావ్ చోంగ్ గ్వో చక్రవర్తితో అన్న మాట. సరిహద్దుకు స్వయంగా వెళ్లి చూసిగానీ యుద్ధపథకం చెప్పనన్నాడు. బొమ్మలతో సంబంధం లేదు.

"చెట్టు నాటడానికి మంచి సమయం ఇరవై ఏళ్ల కిందట": పాత గ్రంథాల్లో దీనికి మూలం కనబడదు. చెట్ల గురించి గ్వాన్ జ గ్రంథంలో ఉన్నది వేరు. ఒక ఏటి ఫలానికి ధాన్యం, పదేళ్ల ఫలానికి చెట్లు, జీవితకాలపు ఫలానికి మనుషులను నాటాలి అంటుంది. చైనా బడుల్లో బాగా వినబడే మాట.

"సంక్షోభం అన్న మాటలో ప్రమాదం, అవకాశం రెండూ ఉన్నాయి": వెయ్ జీ అనే మాట గురించి ఉపన్యాసకులంతా చెప్పేది. వెయ్ ప్రమాదమే. జీకి అనేక అర్థాలున్నాయి, ఈ మాటలో అది "కీలక ఘడియ" మాత్రమే. అవకాశం అన్న అర్థం దానికి మరో అక్షరం కలిస్తేనే వస్తుంది.

"వేల మైళ్ల ప్రయాణం ఒక్క అడుగుతో" అన్నదానికి మూలం ఉంది, దావో ద జింగ్ అనే పాత తత్త్వగ్రంథంలో 64వ అధ్యాయం. కన్‌ఫ్యూషియస్ పేరు పెట్టకండి. అక్కడున్నది మైలు కాదు, లీ. నేటి లెక్కన అర కిలోమీటరు. "అడుగు" అన్న మాట కూడా లేదు, "కాలి కింద మొదలవుతుంది" అని ఉంది.

కృష్ణాతీరం

శ్యె హౌ యూల గురించి ఒక ముక్క. ఇవి రెండు రకాలు, అనువాదంలో రెండింటికీ దారులు వేరు.

బొమ్మ మీద నడిచేవి తేలిక. "మట్టి బోధిసత్త్వుడు నది దాటడం: తన ఒళ్లే తనకు దక్కదు." "మూగవాడు చేదుమందు తినడం: చేదున్నా చెప్పుకోలేడు." ఇలాగే తెలుగులో పెట్టినా పాఠకుడికి అందుతాయి.

ధ్వని మీద నడిచేవి అసాధ్యం. "కన్‌ఫ్యూషియస్ ఇల్లు మారడం: అన్నీ పుస్తకాలే." పుస్తకం, ఓటమి రెండూ షూ అనే పలుకుతాయి, అంటే "అన్నీ ఓటములే". "మేనల్లుడు లాంతరు పట్టడం: మేనమామ మీద వెలుగు." మామ, పాత రెండూ జ్యూ కాబట్టి "ఎప్పటిలాగే". సంభాషణలో ఇలాంటిది వస్తే అర్థం మాత్రం తీసుకోండి. చీట్ల పేకలో ఓడినవాడి నోట "ఇవాళ అన్నీ పోవడమే" చాలు. శ్లేషను నిలబెట్టాలని అధోజ్ఞాపిక పెడితే నవ్వు ఎలాగూ రాదు, కథ నడక కూడా ఆగుతుంది.

గోదారిగట్టు

చివరగా మూడు వాక్యాలు. మీ మాట చూసి ఖాయం చేస్తాను.

ఒకటి: వడ్రంగుల సభలో అతిథి లేచి, "మీ ముందు మాట్లాడటం బాన్ మెన్ నోంగ్ ఫూ" అంటాడు. రెండు: పంట పోయిన ఇంట్లో తండ్రి కాలు విరుగుతుంది, "శ్యుఎ షాంగ్ జ్యా ష్వాంగ్" అంటుంది పొరుగింటావిడ. మూడు: సైన్యం గెలిచి వచ్చిన రోజు నగరం "వాన్ రన్ కోంగ్ శ్యాంగ్".

పాతపుటలు

ఒకటోది: లూ బాన్ గుమ్మం ముందు గొడ్డలి తిప్పడం. లూ బాన్ వడ్రంగులకు ఆదిగురువు. మామూలుగా అయితే "హనుమంతుడి ముందు కుప్పిగంతులు" సరిగ్గా సరిపోతుంది, తన గురించి తానే వినయంగా అనుకోవడానికీ పనికొస్తుంది. కానీ మీ సభ వడ్రంగులది. వాళ్ల గురువు పేరే ఎత్తడం అతిథి చేసిన మర్యాద. ఇక్కడ మాత్రం "లూ బాన్ గుమ్మంలో గొడ్డలి తిప్పినట్టే" అని ఉంచి, ముందు వాక్యంలో "వడ్రంగుల ఆదిగురువు" అని కలపండి.

రెండోది: మంచు మీద తుహినం. "గోరుచుట్టు మీద రోకటి పోటు". అనేది పల్లెటూరి ఆడమనిషి కాబట్టి భాష కూడా కలిసింది. ఇంకేమీ మార్చవద్దు.

మూడోది: ఖాళీ, బోసి అన్న మాటలు రానివ్వకండి. "గెలిచి వచ్చిన సైన్యాన్ని చూడటానికి ఊరు ఊరంతా రాజవీధికి కదిలింది."

నాలుగక్షరాలు

మూడోదానిలో నగరం అని ఉంది కదా, "ఊరు ఊరంతా" బదులు "నగరమంతా" అంటే పల్లె అనుకునే ప్రమాదం ఉండదు. మిగతాది అలాగే ఉంచొచ్చు.